వణికే ఇంజన్ కావాలన్న రాజలింగం బాపు

లాక్‌డౌన్‌ల తర్వాత పాతబస్తీలో ఊరేగింపులు మళ్ళీ మొదలయ్యాయి కదా, ఆ మరుసటి ఏడాది సంగతి ఇది. ఎండలు ఇంకా తగ్గలేదు, ఆషాఢం దగ్గరికొస్తోంది. ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో నాకో ఇంజన్ పనుల షెడ్డు ఉంది. సిలిండర్లు బోరు చేయడం, క్రాంకులు సాపు చేయడం, అన్నిటికంటే ముఖ్యంగా కామ్‌షాఫ్ట్‌లు గ్రైండ్ చేయడం మా పని. మా ఇంటివాళ్ళంతా ఉస్మాన్‌గంజ్‌లో పసుపు, ధనియాల టోకు వ్యాపారంలో ఉన్నవాళ్ళే. నేనొక్కడినే గ్రీజులో పడ్డాను. "పసుపు చేతుల ఇంట్ల నల్ల చేతులోడు పుట్టిండు" అని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. అయినా షెడ్డుకు వచ్చినవాళ్ళు మా ఇంటి అలవాటు కొద్దీ నన్నూ సేఠ్ అనే పిలుస్తారు.

ఈ పని తెలియనివాళ్ళకు ముందు ఒక ముక్క చెప్పాలి. ఇంజన్‌లోకి గాలి రావడానికీ, పొగ బయటికి పోవడానికీ వాల్వులు ఉంటాయి. వాటిని వేళకు తెరిచి మూసే ఇనుప కడ్డీయే కామ్‌షాఫ్ట్. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో లోబ్స్ ఉంటాయి. లోబ్ ఎత్తును బట్టి వాల్వు ఎంత తెరుచుకోవాలో తేలుతుంది, దాన్ని లిఫ్ట్ అంటాం. ఎంతసేపు తెరిచి ఉండాలన్నది డ్యూరేషన్. ఈ రెండూ పెంచి గ్రైండ్ చేసినదే పర్ఫార్మెన్స్ కామ్. అది వేస్తే వేగం మీద బండి ఉరుకుతుంది. కానీ ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో గుంజుకుంటుంది. నిలబడి ఉన్నప్పుడు, అంటే ఐడిల్‌లో, ఇంజన్ కుదురుగా ఉండదు. బండంతా వణుకుతుంది. మెల్లగా పోయేటప్పుడు లాగే బలం తగ్గి మాటిమాటికీ ఆగిపోతుంది. అందుకే కామ్ అడిగినవాళ్ళను నేను మొదట అడిగేది ఒకటే: బండి ఎక్కడ నడుస్తుంది, ఎంత స్పీడులో? జవాబు సరిగ్గా చెప్తే ఏ కామ్ వెయ్యాలో అదే తేలుతుంది. చెప్పకపోతే నాకు ఒళ్ళు మండుతుంది. నా ఓపిక సంగతి మా గల్లీలో అందరికీ తెలుసు.

ఆ రోజు షెడ్డు ముందు ఒక ర్యాలీ కారును ఐడిల్‌లో పెట్టి కార్బురేటర్ సరిచేస్తున్నాను. పెద్ద కామ్ వేసిన బండి. గుడగుడమంటూ కింద నేలను కూడా కదిలిస్తోంది. లోపల గ్రైండింగ్ మిషన్ మీద ఉన్న ఖాజా భాయ్, నాతో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మనిషి, "బంద్ చెయ్ సేఠ్, నోట్ల పండ్లు కదులుతున్నయ్" అని అరుస్తున్నాడు. అప్పుడే ఒక పాత పెట్రోల్ జీపు వచ్చి ఆగింది. తెల్ల లాల్చీ, నుదుట పసుపు బండారు పెట్టుకున్న పెద్దాయన దిగాడు. మమ్మల్ని పలకరించలేదు. నేరుగా ర్యాలీ కారు దగ్గరికి పోయి బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కొంచెంసేపు అట్లాగే నిలబడ్డాడు. కారుకు పూజ చేస్తాడేమో అనుకున్నాను.

కళ్ళు తెరిచి, "దీంట్ల ఏమేసినవ్ సేఠూ?" అన్నాడు.

"పర్ఫార్మెన్స్ కామ్ బాపూ. ఇది రేసు బండి."

"గదే నా జీపుకు వెయ్యి."

ఆయన పేరు రాజలింగం. మాదన్నపేట వైపు ఒక చిన్న అమ్మవారి గుడి వాళ్ళ కుటుంబం సేవలో ఉంది. బోనాల మర్నాడు అమ్మవారి ఘటాన్ని, అంటే అలంకరించిన కలశాన్ని, ఊరేగించే బండి నడిపేది వాళ్ళ ఇంటివాళ్ళే. తాత ఎడ్లబండి తోలాడట, తండ్రి ఈ జీపు కొన్నాడట, తండ్రి తర్వాత స్టీరింగ్ ఈయన చేతికి వచ్చింది. జీపు వెనక ఘటం పెట్టే చెక్క పీఠం ఉంది. నిరుటి మామిడాకులు ఎండిపోయి ఇంకా దానికే వేలాడుతున్నాయి.

ఘటం బండికి రేసు కామ్ ఎందుకో నాకు అర్థం కాలేదు. నా మామూలు ప్రశ్నలు మొదలుపెట్టాను.

"ఎంత స్పీడుల నడుపుతవ్ బాపూ?"

"మంచిగ నడుపుత."

"గది కాదు. హైవే మీదికి తీస్తవా?" అని అడుగుతూ, లోబ్స్ ఎత్తు కొలిచే డయల్ గేజ్ కోసం కిందికి వంగాను. జవాబు లేదు. తలెత్తి చూస్తే నవ్వుతూ తలూపాడు.

"అయితే ఊరేగింపుల కూడ ఇదే బండా?"

దానికీ తలూపాడు.

హైవేకూ అవునే, ఊరేగింపుకూ అవునే. ఊరేగింపులో బండి మనిషి నడక కంటే మెల్లగా పాకాలి. రెండింటికీ ఒక్క కామ్ ఎట్లా సరిపోతుంది? సరేనని మూడు కామ్‌షాఫ్ట్‌లు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాను. ఒకటి మామూలుది, ఒకటి నడిమిది, ఒకటి రేసుది. ఒక్కోదాన్ని గేజ్ కింద తిప్పుతూ దేనితో ఏమి వస్తుందో, ఏమి పోతుందో తల వంచుకుని పూసగుచ్చినట్టు చెప్పాను. మామూలుగా ఈ పాఠం వినడానికి కుర్రాళ్ళు పక్క ఊళ్ళ నుంచి వస్తారు. ఈయన దగ్గర ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"విన్నవా బాపూ?" అన్నాను తలెత్తి.

"విన్న."

"మరి ఏది వెయ్యాలె?"

మూడింటినీ వేళ్ళతో తడిమి చూశాడు. "గివిట్ల ఏది ఎక్కువ వణికిస్తది?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఏది ఎక్కువ ఉరుకుతుందని అడిగారు, ఏది తక్కువ పెట్రోలు తాగుతుందని అడిగారు. ఏది ఎక్కువ వణుకుతుందని అడిగినవాళ్ళు లేరు. వణుకు అనేది మేము తిట్టుకుంటూ భరించే జబ్బు. దాన్నే కావాలని వచ్చాడీయన. మర్నాడు రమ్మని పంపేశాను. ఖాజా భాయ్ మిషన్ ఆపి వచ్చి, "ముసలోనికి జవానీ ఎక్కిందా ఏంది సేఠ్?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. రేసు కామ్ వేస్తే ఆ జీపు డప్పుల మధ్య అడుగడుక్కీ ఆగిపోతుంది. తన పరువు తీసే పనిని తానే బతిమాలి చేయించుకుంటున్నాడు. ఎంత ఆలోచించినా తలా తోకా దొరకలేదు.

మర్నాడు ఆయన కంటే ముందు ఆయన తమ్ముడు మల్లేశం వచ్చాడు. గుడి వ్యవహారాలన్నీ చూసుకునే మనిషి, మొహంలో చిరాకు ముందే కనబడుతోంది.

"మా అన్న వచ్చిండట కదా. ఆయన చెప్పినవేవీ పెట్టకు సేఠ్."

"ఎందుకు పెట్టమంటున్నడో నాకే సమజైతలేదు" అన్నాను.

మల్లేశం కూర్చుని నిరుటి సంగతి చెప్పాడు. కరోనా ఏళ్ళలో జీపు కదలక మూలపడితే దాన్ని ఎక్కడో ఇంజన్ ఓవరాలింగ్ చేయించారు. కొత్త బండిలా అయింది. ఊరేగింపు రోజు మూలమలుపు దగ్గర డప్పుల మధ్య ఆగిపోయింది. "ఆగితే ఆగనీ సేఠ్, బండి అన్నంక ఆగుతది. మా అన్న మాత్రం నడుస్తున్నట్టే స్టీరింగ్ పట్టుకుని యాక్సిలేటర్ తొక్కుతున్నడు. ముందట పోతరాజు ఆడుతున్నడు, వెనక జనం నూకుతున్నరు, ఈయన కూసొనే ఉన్నడు. మళ్ళ స్టార్ట్ అయినంక, నడుస్తున్న ఇంజన్ మీదనే తాళం తిప్పిండు. కర్రుమని ఒకటే లొల్లి. పిల్లలు గూడ నవ్విండ్రు." ఈ ఏడు మళ్ళీ అట్లా జరిగితే కిరాయి డ్రైవర్‌ను పెడతానని గుడి కమిటీకి మాట ఇచ్చేశానన్నాడు. "ఆయనేమో పానం పోయినా స్టీరింగ్ ఇయ్యనంటడు."

అడగకుండానే ఇంకో మాట చెప్పాడు. "నా మాటంటే ఆయనకు లెక్క లేదు. మా నాయిన పోయినంక గుడి తాళాలు నా చేతికొచ్చినయ్. ఆ తర్వాత తర్వాత పిలిస్తే పలకుడు బంద్ చేసిండు. వెనకకెళ్ళి అన్నా, అన్నా అని ఎంత పిలిచినా తిరిగి చూడడు. ఎదురువడితే మటుకు నవ్వుతడు. గా నవ్వు చూస్తే కడుపుల మండుతది."

"నా మాటకూ అట్లనే నవ్విండు" అన్నాను. పొగరున్న మనిషనే ఇద్దరం తేల్చుకున్నాం. మల్లేశం వెళ్ళిపోయాడు. నాకు మాత్రం పొగరుకూ వణుకుకూ ఉన్న సంబంధం ఏమిటో తెలియలేదు.

మధ్యాహ్నానికి రాజలింగం బాపు జీపు తెచ్చాడు. కామ్ సంగతి తర్వాత, ముందు ఇంజన్ ఎట్లా ఉందో చూద్దామని స్టార్ట్ చేయమన్నాను. బానెట్ ఎత్తి చూశాను. చేసినవాళ్ళెవరో గానీ పని బాగా చేశారు. చప్పుడు లేదు, అదురు లేదు, పాల మీద మీగడలా నడుస్తోంది. బానెట్ కింద తల పెట్టి, "జర రేజ్ చెయ్ బాపూ" అన్నాను. చెయ్యలేదు. "బాపూ, రేజ్" అని గట్టిగా అన్నాను. లేదు. నా మాటంటే ఇంత చులకనా అని కోపం నెత్తికెక్కింది. తల బయటికి తీసి నాలుగు మాటలు అందామనుకునేలోపే ఆయన తాళం మళ్ళీ తిప్పాడు.

నడుస్తున్న ఇంజన్ మీద స్టార్టర్ పళ్ళు పడితే వచ్చే చప్పుడు ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఒంట్లో గీరినట్టు ఉంటుంది. ఖాజా భాయ్ చేతిలో ఆకురాయి కింద పడింది. నేను చెవులు మూసుకున్నాను. బాపు మొహంలో మాత్రం ఏమీ మారలేదు. తాళం అట్లాగే పట్టి తిప్పుతున్నాడు. పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా మొహం చూశాడు, ఖాజా భాయ్ మొహం చూశాడు. ఏం చేశాడో అప్పుడు ఆయనకు తెలిసింది. కళ్ళలో భయం కనబడింది.

జీపు వెనక్కి పోయి ఒక పెద్ద రింగు స్పానర్ తీసుకుని ఇనుప పలక మీద పడేశాను. గల్లీలో పోతున్న ఆటోవాడు తిరిగి చూశాడు. బాపు చూడలేదు.

బల్ల దగ్గర తల వంచుకుని నేను చెప్పిన పాఠమంతా గాలికి చెప్పిందే. నా మొహం కనబడినప్పుడు పెదవులు చూసి జవాబిచ్చాడు, కనబడనప్పుడు తలూపాడు. డ్రైవర్ సీటు పక్కకొచ్చి ఆయనకు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"ఎప్పటిసంది బాపూ?" అన్నాను, మెల్లగా, పెదవులు కనబడేలా.

ఇంజన్ ఆపి నా వైపు తిరిగాడు. "చెవులు పోయి శానేండ్లయింది సేఠూ. జీపు పోయింది మటుకు నిరుడే."

ఆ తర్వాత ఆయనే చెప్పాడు. "మునుపు స్టీరింగ్ పట్టుకుంటే ఇంజన్ చేతులల్ల తెలిసేది. సీటుల తెలిసేది. ఆగబోతే ముందే ఎరుకయ్యేది. చెవులతోని నాకు పనే పడలే. గా ఓవరాలింగ్ అయినంక బండి మూగదైంది. నడుస్తున్నదో సచ్చిందో తెలుస్తలేదు. నిన్న గా కారు మీద చెయ్యి పెడితే పానం లేచొచ్చింది."

"ఇంట్ల చెప్పలేదా?"

"చెప్తే తాళం గుంజుకుంటరు. అమ్మవారిని చెవిటోని చేతుల పెడతరా?"

అడిగినదేమిటో అప్పుడు తెలిసింది. కానీ నా అయోమయం ఇంకా పెరిగింది. ఆయన చేతులకు తెలియాలంటే బండి వణకాలి, అంటే పెద్ద కామ్ వెయ్యాలి. జనం మధ్య ఆగకుండా పాకాలంటే మామూలు కామే ఉండాలి. నడిమిది వేస్తే రెండూ సగం సగమే. ఆయనను ఇంటికి పంపి, మూడు కామ్‌లనూ గేజ్ కింద మళ్ళీ మళ్ళీ తిప్పాను. "లోబ్స్ కొత్త లెక్కల గ్రైండ్ చేద్దామా?" అన్నాడు ఖాజా భాయ్. ఎన్ని లెక్కలు వేసినా ఒకటి కలిస్తే ఇంకోటి విడిపోతోంది. ఆ రోజు అన్నం డబ్బా తెరవను కూడా లేదు. నా మీద నాకే విసుగొచ్చింది.

చివరికి విసుగుతోనే పోయి ఆయన జీపులో ఆయన సీటులో కూర్చున్నాను. స్టార్ట్ చేసి, చెవుల్లో గుడ్డ పీలికలు కుక్కుకుని, ఆయనలాగే స్టీరింగ్ మీద అరచేతులు పెట్టి కళ్ళు మూసుకున్నాను. ఏమీ తెలియలేదు. ఇంజన్ అక్కడ ఉన్నట్టే లేదు. పాత జీపు ఇంత మెత్తగా ఎట్లా నడుస్తోంది? దిగి కిందికి దూరి చూశాను. ఇంజన్‌ను ఛాసిస్ మీద నిలబెట్టే చోట మౌంట్లు, అంటే రబ్బరు దిమ్మలు, కొత్తవి మెరుస్తున్నాయి. ఇంజన్ అదురును అవి మింగేస్తాయి, మనిషి దాకా రానివ్వవు. ఓవరాలింగ్ చేసినవాళ్ళు ధర్మంగా పాతవి తీసి కొత్తవి వేశారు. ఏళ్ళ తరబడి ఎండి రాయిలా గట్టిపడ్డ పాత మౌంట్లే ఇంజన్ అదురును ఆయన చేతుల దాకా మోసేవి. అది తెలియక ఆయనా, నేనూ కామ్‌షాఫ్ట్ పట్టుకుని వేలాడుతున్నాం.

జీపు కిందే పడుకుని నవ్వాను. ఖాజా భాయ్ వంగి చూశాడు.

"కామ్ వద్దు భాయ్. గట్టి రబ్బరు కావాలె."

"గింత కొలిచి, గింత నెత్తి కొట్టుకుని, ఆఖరికి రబ్బరా సేఠ్?"

ఫ్యాక్టరీల్లో సరుకు మోసే బెల్టుల మందపాటి రబ్బరు తెప్పించి దిమ్మలు కోశాం, బోల్టులకు తూట్లు వేశాం, బిగించాం. కామ్‌షాఫ్ట్‌ను ముట్టుకోలేదు. బాపును పిలిపించి సీటులో కూర్చోబెట్టాను. తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. ఆయన చేతులు స్టీరింగ్ మీద కాసేపు కదలకుండా ఉన్నాయి.

"వచ్చింది సేఠూ" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నమ్మకం కోసం ఖాజా భాయ్‌కి సైగ చేశాను. ఆయన బానెట్ చాటున కాయిల్ వైరు పీకాడు. ఇంజన్ ఆగీ ఆగకముందే బాపు చెయ్యి పైకి లేచింది. "సచ్చింది" అన్నాడు.

కానీ ఒక మాట మిగిలింది. "ఇది జనం నడుమ నడిచే బండి బాపూ. తమ్మునికి చెప్పాలె."

ఆయన మొహం నల్లబడింది. వద్దన్నట్టు తలూపాడు.

"చెప్పకుంటే ఈ దిమ్మలు ఇప్పుడే ఊడబీకుత" అన్నాను. అనడం కఠినమే, కానీ ఆ రద్దీలో చిన్నపిల్లలు కూడా ఉంటారు. ఆయన చివరికి సరే అన్నాడు. తన నోటితో చెప్పలేనని, నన్ను చెప్పమన్నాడు.

మల్లేశం వచ్చేసరికి బాపు జీపు ముందు నిలబడి, మాకు వీపు పెట్టి, బానెట్ గుడ్డతో తుడుస్తున్నాడు. "నీ అన్నను పిలువ్" అన్నాను.

"ఏం ఫాయిదా? పలకడు."

"పిలువ్ మల్లేశం."

"అన్నా" అన్నాడు. తర్వాత ఇంకా గట్టిగా, "అన్నా" అన్నాడు. బాపు తుడుస్తూనే ఉన్నాడు. మల్లేశం నా వైపు చూశాడు, చూశావా అన్నట్టు.

"ఆయనకు వినపడదు" అన్నాను. "శానేండ్లసంది."

మల్లేశం నిలబడ్డచోటే ఉండిపోయాడు. పిలిచి పిలిచి పళ్ళు కొరుక్కున్న రోజులన్నీ ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. మెల్లగా నడిచి, జీపు చుట్టూ తిరిగి, అన్నకు ఎదురుగా వెళ్ళాడు.

"నా మీద కోపమనుకున్ననే అన్నా" అన్నాడు. గొంతు రాలేదు. గొంతుతో అక్కడ అవసరం కూడా లేదు.

బాపు తమ్ముడి పెదవులు చూశాడు. "కోపమెందుకురా?" అన్నాడు. "నువ్వే నన్ను పిలుస్తలేవనుకున్న."

నేనూ ఖాజా భాయ్ లోపలికి పోయి, లేని పని చేస్తూ కూర్చున్నాం.

ఘటం రోజు నేనూ పోయాను. కమిటీవాళ్ళకు మల్లేశమే అంతా చెప్పి ఒప్పించాడట. జీపు చుట్టూ తాడు పట్టుకుని మనుషులు నడిచారు. మల్లేశం ఒక పక్కన బానెట్ మీద అరచెయ్యి పెట్టుకుని నడిచాడు. ఆగాలంటే చేత్తో రెండు దెబ్బలు కొట్టడం, కదలాలంటే ఒకటి. అది ఇద్దరూ మాట్లాడుకున్న పద్ధతి. డప్పులు, మర్ఫా వాయిద్యాలు, స్పీకర్ డబ్బాల్లో పాటలు, ఎవరి మాట వాళ్ళకే వినపడడం లేదు. మూలమలుపు దగ్గర జీపు ఆగింది. తోవ కోసం ఆగిందనుకున్నాను. బాపు వెంటనే తాళం తిప్పడం చూసిన తర్వాతే ఇంజన్ ఆగిపోయిందని నాకు తెలిసింది. డప్పు ఒక వరస పూర్తికాకముందే బండి కదిలింది. ఇంజన్ల మధ్య బతికిన నేను కూడా అది ఆగడం వినలేదు. ఆ వీధిలో అది తెలిసింది ఇద్దరికే, స్టీరింగ్ మీద చేతులున్నవాడికీ, బానెట్ మీద చెయ్యి ఉన్నవాడికీ. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. ఒకప్పుడు మల్లేశానికి కడుపు మండించిన నవ్వు అదే.

ఆ మూడు కామ్‌షాఫ్ట్‌లు ఇంకా మా బల్ల మీదే ఉన్నాయి. వచ్చినవాళ్ళకు లిఫ్ట్ గురించీ డ్యూరేషన్ గురించీ ఇప్పటికీ పాఠం చెప్తాను, ఓపిక ఇప్పటికీ తక్కువే. వణుకు ఎవరికైనా అవసరం కావచ్చని ఒప్పుకోవడం నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా మారింది. బానెట్ కింద తల పెట్టి ఇప్పుడు ఎవరినీ ఏమీ అడగను. చేతులు తుడుచుకుని, బయటికొచ్చి, మనిషికి ఎదురుగా నిలబడి అడుగుతాను.